స్కౌట్ ట్రూప్‌తో (పిల్లల దళంతో) దిగడానికి ఏ చోటు మంచిది? సాగర్, దేవరకొండ, నల్లమల అనుభవాలు

స్కౌట్ మాస్టర్ బస చూసే కన్ను వేరు. నీళ్లు ఎక్కడ, మరుగుదొడ్లు ఎన్ని, వాటి తాళం ఎవరి దగ్గర ఉంటుంది, అర్ధరాత్రి ఎవరికైనా జ్వరం వస్తే బండి దొరుకుతుందా? ముందు ఇవి తేలాలి. ఏసీ, టీవీ, కిటికీలోంచి కనిపించే నది మన పద్దులోకి రావు. కొన్నేళ్లుగా నల్లగొండ, పాలమూరు వైపు బడి పిల్లలను శిబిరాలకు తీసుకెళ్తున్నాను కాబట్టి, ఏ చోటు ఎందుకు పనికొచ్చిందో, ఏది జేబు ఖాళీ చేసిందో రాస్తున్నాను. అన్నీ అమర్చిపెట్టే చోట పిల్లలకు చేయడానికి పని మిగలదు. ఏమీ లేని చోట పెద్దవాళ్లకు నిద్ర ఉండదు. ఈ రెంటికీ నడుమ ఉన్న చోటు వెతుక్కోవాలి.

తల్లిదండ్రులు మొదట అడిగేది నాగార్జునసాగరే. చూడదగ్గ చోటన్నదాంట్లో సందేహం లేదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ రాతి ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు, గేట్లు 26. కానీ హిల్ కాలనీ వైపు గదుల్లో దిగితే భోజనం హాల్లో వడ్డించేస్తారు. గిన్నె తోమని పిల్లలది శిబిరం ఎలా అవుతుంది? మొత్తం ట్రూప్‌కు గదుల అద్దె కూడా ఎక్కువే. గేట్లు ఎత్తిన రోజుల్లో అయితే జనంలో పిల్లలను లెక్కపెట్టుకోవడంతోనే పొద్దు గడిచిపోతుంది. నాగార్జునకొండకు లాంచీ ఉందో లేదో ముందు రోజే ఫోను చేసి కనుక్కోండి. శుక్రవారం అక్కడి మ్యూజియానికి సెలవు. సాగర్‌లోనే 2022లో తెరిచిన బౌద్ధ పార్కు బుద్ధవనం మాత్రం పిల్లలకు బాగా నచ్చింది. 274 ఎకరాల్లో ఎంత నడిచినా ఇంకా మిగిలే ఉంటుంది. నీడ తక్కువ కాబట్టి ఉదయాన్నే వెళ్లాలి. సాగర్‌ను ఒక పగలుకు పెట్టుకుని, రాత్రికి దేవరకొండ చేరుకోవడం మేలు.

దేవరకొండ దగ్గర ఒక ఊరి బడిలో దిగాం. హెడ్మాస్టరు గారి అనుమతి ముందే తీసుకున్నాం. మైదానం, కుళాయి, మధ్యాహ్న భోజనం వండే షెడ్డు ఉన్నాయి. అద్దె లేదు. ప్రతి పెట్రోల్, అంటే ట్రూప్‌లోని చిన్న జట్టు, తన పొయ్యి తానే పెట్టుకుంది. ఎనిమిది మందిలోపు పిల్లలు, వాళ్లలోనే ఒక లీడరు, అతనికి ఒక సహాయకుడు. 1907లో ఇంగ్లండులోని బ్రౌన్సీ దీవిలో స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పావెల్ తన తొలి శిబిరంలో అబ్బాయిలను నాలుగు జట్లుగా విడదీసి నడిపిన పద్ధతే ఇది. వెదురు కర్రలతో గిన్నెల స్టాండు కడుతుంటే, ఏడో తరగతి అమ్మాయి కర్రకు తాడు కట్టే క్లోవ్ హిచ్ ముడి వేసి, తాడు బిగించి, కర్రను చేత్తో ఊపి చూసింది. ముడి జారింది. ఏమీ మాట్లాడకుండా విప్పి మళ్లీ మొదలుపెట్టింది. పక్కనున్న అబ్బాయిలు తాడు కొసలు కలిపే రీఫ్ నాట్‌తో సరిపెట్టిన స్టాండు రాత్రికి అన్నం గిన్నెతో సహా కూలింది. ఆ రాత్రి వాళ్లకు పక్క పెట్రోళ్లు తలా ఒక గరిటె పెట్టాయి.

ఈ ప్రాంతంలో నీళ్ల సంగతి వివరంగా చెప్పాలి. నీళ్లు కాచి తాగాలని పిల్లలకు నేర్పుతాం. క్రిములు చావడానికి అది సరే. మర్రిగూడ, చండూరు వైపు బోరు నీళ్లలో ఉన్న ఫ్లోరైడ్ మాత్రం కాచినా పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన దాంట్లో ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి లోకమంతా నల్లగొండ పేరే పెట్టింది. అది కూడా కొలతలు తెలిసినవాళ్లు చేయాల్సిన పని. మేం మిషన్ భగీరథ కుళాయి నీళ్లే తాగడానికి, వంటకు వాడాం. బోరు నీళ్లు బట్టలకు, కాళ్లు కడుక్కోవడానికి సరిపోయాయి.

చికాకు మరుగుదొడ్ల దగ్గర వచ్చింది. అమ్మాయిల వైపు తాళం చెవి పెట్టుకున్న మనిషి సాయంత్రమే పెళ్లికి వెళ్లిపోయాడు. ఫోను ఎత్తడు. అమ్మాయిల దళాన్ని నడిపే గైడ్ కెప్టెన్ మేడమ్ ఎదురింటి ఆమెను అడిగి ఆ రాత్రికి వాళ్ల ఇంట్లో ఏర్పాటు చేయించారు. అమ్మాయిల కంపెనీతో (గైడ్ల దళంతో) మహిళా నాయకురాలు ఉండాలన్న నియమాన్ని కాగితాల కోసమే అనుకునేవాళ్లు అలాంటి రాత్రి ఒకటి చూడాలి. అప్పటి నుంచి, తాళం చెవి చేతికి రాకుండా బస్సులోంచి సామాను దించనివ్వను.

పద్మనాయక రాజుల కాలం నాటి దేవరకొండ కోట గుర్తుల ఆటకు దొరికిన వరం. ముందు వెళ్లిన పెట్రోల్ రాళ్లతో బాణం గుర్తులు పెడుతూ పోతుంది, వెనకవాళ్లు వాటిని పట్టుకుని రావాలి. నడుమ మేకల మంద వచ్చి బాణాలన్నీ చెదరగొట్టింది. నేను నోరు మెదపలేదు. లీడరు చివరి మంచి గుర్తు దగ్గరికి అందరినీ వెనక్కి తెచ్చి, ఇద్దరిద్దరిని మూడు దిక్కులకు పంపించాడు. పావుగంటలో దారి దొరికింది. పైన తాగడానికి నీళ్లు ఉండవు, ముళ్లకంప మాత్రం దండిగా ఉంటుంది. చెప్పులతో ఎక్కనివ్వవద్దు. మర్నాడు ఇంకోసారి ఎక్కుదామని నాకు ఉండేది. లీడర్లు కోర్ట్ ఆఫ్ ఆనర్‌లో, అంటే తమ నిర్ణయాల సమావేశంలో కూర్చుని, ఒక పెట్రోల్‌లో ఇద్దరికి కాళ్లు బొబ్బలెక్కాయని వద్దన్నారు. సలహాదారుగా పక్కన కూర్చున్న నేను తల ఊపడం తప్ప చేయగలిగింది లేదు.

నల్లమల లెక్క వేరు. మన్ననూరు నుంచి దోర్నాల వైపు అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలు వదలరు. మేం మాట్లాడుకున్న ప్రైవేటు బస్సు యజమాని ఇది తెలిసీ ఆలస్యంగా బండి పంపి, వెయిటింగ్ చార్జి మా నెత్తిన వేశాడు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో నిప్పు పెట్టే ప్రసక్తే లేదు, ప్లాస్టిక్ కూడా నిషేధం. అటవీ శాఖ కాటేజీలు శుభ్రమైనవే కానీ ట్రూప్ మొత్తానికి చాలవు. అచ్చంపేటలో బస పెట్టుకుని పగటిపూట ఉమామహేశ్వరం గుడి, మల్లెలతీర్థం జలపాతం చూసి రావడమే తెలివి. మల్లెలతీర్థానికి వందల మెట్లు దిగాలి. వానలు తగ్గాక వెళ్తే నీళ్లుంటాయి, రాళ్లు మాత్రం పాకుడు పట్టి ఉంటాయి. క్యాంప్ ఫైర్‌ను బసలోనే చేశాం. లాంతరుకు ఎర్ర కాగితం చుట్టి చుట్టూ కూర్చున్నాం. నిప్పు లేదని నాటికలు వేసేవాళ్లకు పట్టింపేమీ కనిపించలేదు. పొగ లేకపోవడంతో నాకైతే అదే బాగుంది.

దారిలో నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం దగ్గర ఒక గంట ఆగండి. లింగం మీద పగలంతా నిలిచే నీడ ఏ స్తంభానిదో పిల్లలనే కనిపెట్టమనండి, పంతులు గారు చెప్పేలోపు. మహబూబ్‌నగర్ దగ్గరి పెద్ద మర్రిచెట్టు, పిల్లలమర్రి, మధ్యాహ్న భోజనానికి బాగుంటుంది. చెట్టుకు చుట్టూ కంచె వేశారు, ఊడలు ఎక్కే ఆశ పెట్టుకోవద్దు. తాళ్లతో రాయి ఎక్కడం నేర్పించాలంటే భువనగిరి వెళ్లాలి. 2014లో ఎవరెస్టు ఎక్కిన పూర్ణ, ఆనంద్ తొలి పాఠాలు నేర్చుకున్నది ఆ గుట్ట మీదే. శిక్షకులు లేకుండా అక్కడ తాడు ముట్టుకోనివ్వకండి.

ఖర్చుల మాట. మాకు జీతం లేదు. స్కౌట్ నాయకుల బేసిక్ కోర్సు, అడ్వాన్స్‌డ్ కోర్సు, మెడలో రెండు చెక్క పూసలు వేసే హిమాలయన్ వుడ్ బ్యాడ్జ్ దాకా సెలవుల్లో పోయి నేర్చుకోవాలి. అందుకే బస్సు, బియ్యం ఖర్చు తల్లిదండ్రులకు రాసి చూపిస్తాను, గదుల అద్దె మిగిల్చిన డబ్బు మందుల పెట్టెకు పెడతాను. వచ్చే చలికాలానికి లీడర్లు కోయిలకొండ కోట అని తీర్మానించేశారు. ముందు నేనొక్కడినే వెళ్లి అక్కడి బడిలో కుళాయి తిప్పి, తాళం చెవి ఎవరి దగ్గర ఉందో చూసి రావాలి.