చిరిగిన రెయిన్‌కోటుకు జిగురా, సూదా, ఇస్త్రీ పెట్టా: ఏది మేలు?

పీవీసీ రెయిన్‌కోటు ఎక్కువగా పిగిలేది రెండు చోట్ల: చంకలో, ప్యాంటు కాళ్ళు రెండూ కలిసే చోట. బండి ఎక్కి దిగేటప్పుడు లాగుడంతా అక్కడే పడుతుంది. బాగుచేసే ముందు కోటు తిరగేసి లోపలి వైపు చూడండి. నేత కనిపిస్తే అది బట్ట మీద పీవీసీ పూత వేసినది. రెండు వైపులా నున్నగా ఉంటే ఉత్త పీవీసీ షీటు. ఏ పద్ధతి పట్టాలో తేల్చేది ఇదే.

ఉత్త షీటుకు సూది తగలనివ్వకపోవడమే మంచిది. నూలు బట్టలో సూది పోగులను పక్కకు నెట్టుకుంటూ వెళుతుంది. షీటులో మాత్రం చిల్లు పొడుస్తుంది, అది మళ్ళీ పూడదు. దగ్గర దగ్గరగా కుడితే స్టాంపుల షీటులాగా ఆ వరస వెంటే ఊడి వస్తుంది. పూత బట్టకు ఈ భయం తక్కువ, లోపలి నేత దారాన్ని పట్టి ఉంచుతుంది. 14 నంబరు సూది, పాలిస్టర్ దారం, 3.5 నుంచి 4 మి.మీ. కుట్టు పెట్టండి. గుండుసూదులు వద్దు, బట్టల క్లిప్పులు చాలు. మిషన్ పాదం పీవీసీకి అతుక్కుని కదలకపోతే మధ్యలో పలుచని కాగితం వేసి కుట్టి, తర్వాత చింపేయండి. కుట్టు ఎంత బాగున్నా దాని మీద పట్టీ అతికించకపోతే నీళ్ళు కారతాయి.

చిరుగుకు మాత్రం జిగురుతో మాసికే మేలు, అదీ సరైన జిగురు దొరికితేనే. ఎక్కువ మంది బోల్తాపడేది ఇక్కడే. సైకిల్ పంక్చర్ సొల్యూషన్ రబ్బరుకు చేసినది, పీవీసీని పట్టదు. ఫెవిక్విక్ గట్టిపడి, మడత పడగానే పగులుతుంది. పైపుల సొల్యూషన్ పీవీసీని కరిగించే మాట నిజమే, కానీ ఆరాక బిరుసెక్కుతుంది, పలుచని షీటును ముడుచుకుపోయేలా చేస్తుంది. చెప్పులకు వాడే మామూలు రబ్బరు జిగురు మొదట బాగానే పడుతుంది. పీవీసీని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి పదార్థం మెల్లగా అందులోకి దిగి దాన్ని బంకగా మార్చేస్తుంది. కావలసింది పాలీయురేథేన్ జిగురు, లేదా గాలి పరుపులు, పిల్లల ఈత తొట్ల రిపేరు కిట్టులో వచ్చే వినైల్ జిగురు.

మాసిక ముక్క కోసం కోటుతో వచ్చిన సంచి చూడండి, చాలావాటికి అదే సరుకు ఉంటుంది. చిరుగు కొసన పేపర్ పంచ్‌తో గుండ్రటి చిల్లు చేస్తే చిరుగు అక్కడ ఆగిపోతుంది. ముక్క చిరుగుకు అన్ని వైపులా 2 సెం.మీ. ఎక్కువ ఉండాలి. మూలలు గుండ్రంగా కత్తిరించండి, కోణం ఉంటే అక్కడే లేస్తుంది. సబ్బుతో కడిగి, ఆరాక స్పిరిట్‌తో తుడవండి. గోళ్ళ రంగు తీసే ద్రవం తగలనివ్వొద్దు, పైపొర పాడవుతుంది. రెండు వైపులా పలుచగా జిగురు రాసి, ట్యూబు మీద చెప్పినంత సేపు ఆగి, మధ్య నుంచి అంచులకు ఒత్తుతూ అతికించండి. ఒక రోజు బరువు పెట్టి ఉంచాలి. పూత బట్టకైతే మాసిక బయటి నున్నటి వైపే వేయాలి. లోపల వేస్తే జిగురు బట్టనే పట్టుకుంటుంది, పూతను కాదు.

ఇస్త్రీ పెట్టె ఉత్త షీటు అంచులు కలపడానికి పనికొస్తుంది, చిరుగుకు కాదు. 1 సెం.మీ. ఒకదాని మీద ఒకటి వేసి, కిందా పైనా బేకింగ్ పేపర్ పెట్టి, సిల్కు వేడి దగ్గర మొదలుపెట్టి పాత ముక్క మీద పరీక్షించండి. పూర్తిగా చల్లారాకే కాగితం తీయాలి, వేడి మీద తీస్తే సాగిపోతుంది. కిటికీలు తెరిచి ఉంచండి. ఘాటు వాసన వచ్చినా, రంగు మారినా వెంటనే ఆపండి. పీవీసీ మాడితే వచ్చే హైడ్రోజన్ క్లోరైడ్ ఊపిరితిత్తులకు హాని. అగరుబత్తితో, కొవ్వొత్తితో అతికించడం అందుకే అసలు వద్దు.

చేతులు పొడవైతే ఏ పద్ధతీ అక్కర్లేదు. ఉత్త షీటుకు పోగులు ఊడవు, కత్తిరించి వదిలేయండి. గుర్తు సుద్దతో పెట్టండి, బాల్ పెన్ను సిరా పీవీసీలోకి ఇంకి ఇక పోదు. నడుము దగ్గర బిగుతైతే ఫ్యాక్టరీ అతుకును ఊడదీయకుండా, దాని పక్కన కోసి 5 సెం.మీ. పట్టీ చేర్చండి.

జిగురు కొనే ముందే అంచును మడిచి గట్టిగా నొక్కి చూడండి. మడత మీద తెల్లటి గీత పడి చిట్లితే ప్లాస్టిసైజర్ పోయినట్టే. అలాంటి కోటుకు ఎంత బాగా మాసిక వేసినా దాని పక్కనే చిరుగుతుంది.