ఫ్యాక్టరీ మేనేజర్ల కోసం తగాదాలు, బేరాలు, నిర్ణయాల మీద రెండు రోజుల వర్క్‌షాప్: డబ్బులకి తగ్గట్టు ఉందా?

మా కంపెనీ తరఫున హైదరాబాద్‌లో ఈ వర్క్‌షాప్‌కి వెళ్ళొచ్చాక తెలిసినవాళ్ళు చాలామంది ఎలా ఉంది, వెళ్ళొచ్చా అని అడుగుతున్నారు, విడివిడిగా చెప్పే బదులు ఇక్కడే రాసేస్తున్నా. సంస్థ పేరు రాయట్లేదు, ఇలాంటివి ఇప్పుడు చాలా చోట్ల పెడుతున్నారు కాబట్టి ఏది మంచిదో ఎలా చూసుకోవాలో తెలిస్తే చాలు. ఫీజు మనిషికి 14,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 16,520 పడుతుంది. సొంత డబ్బులతో వెళ్ళేవాళ్ళకి ఇది ఎక్కువే. అయినా నా మాట అడిగితే మొదటి రోజు ఒక్కదానికే ఆ డబ్బు ఇవ్వొచ్చు, రెండో రోజు మధ్యాహ్నం మాత్రం ఇంకా చాలా బాగా చేయాల్సింది.

వచ్చినవాళ్ళంతా ప్లాంట్ల వాళ్ళే. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ, నాయుడుపేట వైపు నుంచి ప్రొడక్షన్, మెయింటెనెన్స్, క్యూఏ (సరుకు క్వాలిటీ చూసేవాళ్ళు), స్టోర్స్, ఎక్కువమంది కొత్తగా మేనేజర్ అయినవాళ్ళు. ట్రైనర్ చాలా ఏళ్ళు ఫ్యాక్టరీల్లో హెచ్ఆర్ చూసి రిటైరైన పెద్దాయన, యూనియన్లతో వేతన ఒప్పందాలు కుదిర్చిన మనిషి. వర్క్‌షాప్ మొత్తం తెలుగులోనే. దీనివల్ల ఎంత తేడా వచ్చిందో అక్కడ కూర్చుంటే గానీ తెలీదు, ఎందుకంటే మనం షాప్ ఫ్లోర్ మీద గొడవపడేది తెలుగులో, సర్దిచెప్పేది తెలుగులో, ట్రైనింగ్ మాత్రం ఇంగ్లీష్ స్లైడ్లతో అయిపోతే సోమవారం డ్యూటీకి వెళ్ళాక నోట్లోంచి ఒక్క మాట కూడా రాదు.

మొదట టీకేఐ అని ఒక టెస్ట్ ఇచ్చారు. కెన్నెత్ థామస్, రాల్ఫ్ కిల్మన్ అనే ఇద్దరు 1974లో తెచ్చినది, 30 జతల వాక్యాలు ఉంటాయి, ప్రతి జతలో మనకి దగ్గరగా ఉన్నది టిక్ పెట్టాలి, చివర్లో మనం గొడవ వచ్చినప్పుడు ఎలా ఉంటామో ఐదు రకాల్లో చూపిస్తుంది: పట్టుబట్టడం, కలిసి దారి వెతకడం, చెరి సగం ఒప్పుకోవడం, తప్పుకోవడం, అవతలివాళ్ళ మాటకి తలొగ్గడం. మా బ్యాచ్‌లో ఎక్కువమందికి తప్పుకోవడమే పైకి వచ్చింది, అది చూసి కొందరు ఇబ్బందిపడ్డారు, కానీ సార్ చెప్పిన మాట నాకు బాగా నచ్చింది, వీటిలో ఏదీ చెడ్డది కాదు, సందర్భం తప్పితేనే చెడ్డది అని. హాట్ వర్క్ పర్మిట్ (నిప్పురవ్వలు లేచే పనికి రాతలో ఇచ్చే అనుమతి) లేకుండా, మండే ద్రవాలుండే సాల్వెంట్ ఏరియాలో ఎవరైనా వెల్డింగ్ మొదలుపెడితే అక్కడ చర్చ ఏముంటుంది, పని ఆపించాల్సిందే, అది పట్టుబట్టే చోటు. క్యాంటీన్‌లో ఉప్మానా ఇడ్లీనా అని రెండు డిపార్ట్‌మెంట్లు వాదించుకుంటుంటే మేనేజర్ మధ్యలోకి వెళ్ళక్కర్లేదు. టెస్ట్ కాగితాలు ఇంగ్లీష్‌లోనే ఉన్నాయి, కొన్ని వాక్యాలకి తేడా పట్టుకోవడం కష్టమైంది, వాటికి తెలుగు కాపీ ఇస్తే బాగుండేది. ఇంకోటి, అది మన గురించి మనం ఏమనుకుంటున్నామో చెప్తుంది, మన కింద పనిచేసేవాళ్ళు ఏమనుకుంటున్నారో చెప్పదు, కాబట్టి ఆ స్కోర్‌ని మరీ పట్టుకుని కూర్చోనక్కర్లేదు.

అసలు విలువ రోల్‌ప్లేల్లో ఉంది. ఒకటి వివరంగా చెప్తా. కేసు ఇది: మందుల ఫ్యాక్టరీలో డ్రయ్యర్ టెంపరేచర్ కాసేపు లిమిట్ దాటింది, క్యూఏ వాళ్ళు బ్యాచ్ హోల్డ్‌లో పెట్టారు, ప్రొడక్షన్‌కి శుక్రవారం డిస్పాచ్ ఉంది. క్యూఏలో పనిచేసే ఆవిడని ప్రొడక్షన్ మేనేజర్‌గా, ప్రొడక్షన్ అతన్ని క్యూఏగా కూర్చోబెట్టారు, అంటే సీట్లు మార్చేశారు.

"పది నిమిషాలే కదండీ పెరిగింది, దానికి బ్యాచ్ మొత్తం ఆపేస్తే ఎలా?"

"పది నిమిషాలైనా లిమిట్ దాటింది మేడమ్, లిమిట్ తప్పిన సంగతి రాసి డీవియేషన్ రేజ్ చేయకుండా నేను సంతకం పెట్టలేను."

"మీరెప్పుడూ ఇంతే, ప్రొడక్షన్ కష్టం మీకేం తెలుస్తుంది, ఏసీ రూమ్‌లో కూర్చుంటారు."

సార్ ఇక్కడ చెయ్యెత్తి ఆపారు. ఇప్పటిదాకా బ్యాచ్ గురించి మాట్లాడారు, ఈ మాటతో మనిషి గురించి మొదలైంది, ఇక్కణ్ణుంచి డ్రయ్యర్ టెంపరేచర్ ఎవరికీ గుర్తుండదు అన్నారు. మళ్ళీ మొదట్నుంచి చేయించారు, ఈసారి ఒకటే షరతు, అవతలివాళ్ళని ఒక్క ప్రశ్న అడగకుండా మీ వాదన చెప్పకూడదు. అప్పుడు క్యూఏ సీట్లో ఉన్నతను అడిగాడు, "శుక్రవారం మొత్తం లోడ్ వెళ్ళాలా, కొంత వెళ్తే సరిపోతుందా?" అని. కేసు పేపర్‌లో ఆ సంగతి ప్రొడక్షన్ వైపు మాత్రమే రాసి ఉంది, కస్టమర్‌కి ఆ వారం కావాల్సింది కొంత భాగమే, దానికి ఇంతకుముందే రిలీజైన బ్యాచ్ స్టాక్ సరిపోతుంది. అది బయటికి రాగానే మిగతాది తేలిగ్గా అయిపోయింది, ఉన్న స్టాక్ శుక్రవారం పంపడం, హోల్డ్‌లో ఉన్న బ్యాచ్‌కి ఇంప్యూరిటీ, రెసిడ్యువల్ సాల్వెంట్ టెస్టులు మళ్ళీ చేసి, డీవియేషన్ పద్ధతి ప్రకారం ఇన్వెస్టిగేషన్ పూర్తయ్యాకే నిర్ణయం తీసుకోవడం. సార్ ఒక గీత మాత్రం గట్టిగా గీశారు, క్వాలిటీ బేరం పెట్టే వస్తువు కాదు, తేదీలు, పరిమాణాలు, ఏది ముందు ఏది వెనక అనేవే బేరంలోకి వస్తాయి అని. ఈ తేడా చెప్పకుండా చెరి సగం సర్దుకోండి అని నేర్పే ట్రైనింగులు నేను చూశాను, మందుల ఫ్యాక్టరీలో అలా నేర్పడం ప్రమాదం.

తర్వాత వయసులో పెద్దవాళ్ళైన ఆపరేటర్లతో ఎలా మాట్లాడాలన్న సెషన్. ఇది మన దగ్గర నిజంగా పెద్ద సమస్య, పాతికేళ్ళ కుర్రాడు ఎంఎస్సీ కెమిస్ట్రీ చేసి షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌గా వస్తాడు, కింద ఇరవై ఏళ్ళుగా సెంట్రిఫ్యూజ్ నడుపుతున్న మనిషి ఉంటాడు, ఆయన్ని అన్నా అని పిలుస్తూనే తప్పు చెప్పాలి. చాలామంది అయితే మొహమాటపడి వదిలేస్తారు, లేదంటే అందరి ముందు గట్టిగా అరిచి ఆయన్ని శాశ్వతంగా దూరం చేసుకుంటారు. ఇక్కడ చేయించింది సింపుల్‌గా ఉంది కానీ పని చేస్తుంది: పక్కకి తీసుకెళ్ళి మాట్లాడాలి, అదే షిఫ్ట్ అయ్యేలోపు మాట్లాడాలి, కంటికి కనిపించింది మాత్రమే చెప్పాలి. "అన్నా, లాగ్‌బుక్‌లో రెండు గంటల రీడింగ్ లేదు, ఏమైంది?" అని అడగడం వేరు, "నీకు అసలు బాధ్యత లేదు" అనడం వేరు. మొదటిదానికి జవాబు వస్తుంది, రెండోదానికి మౌనమే. మేం వచ్చాక మా ప్లాంట్‌లో షిఫ్ట్ హ్యాండోవర్‌లో ఇదే పద్ధతి పెట్టాం, మెయింటెనెన్స్ వాళ్ళకీ మాకూ రోజూ జరిగే వాగ్వాదం బాగా తగ్గింది.

బేరాల సెషన్ కూడా బాగుంది. 1981లో హార్వర్డ్ వైపు నుంచి రోజర్ ఫిషర్, విలియమ్ యూరీ తెచ్చిన బాట్నా ఆలోచన ముందు చెప్పారు, అంటే ఈ ఒప్పందం కుదరకపోతే నా చేతిలో ఉన్న మంచి దారి ఏంటి అని బేరానికి కూర్చునే ముందే తేల్చుకోవడం. ఇది చాలామందికి తెలిసిందే. నాకు కొత్తగా అనిపించింది యేల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ బ్యారీ నేల్‌బఫ్ చెప్పే లెక్క, దాన్ని సార్ లారీ కిరాయితో చెప్పారు. పక్కపక్క ప్లాంట్లు రెండు వైజాగ్‌కి సరుకు పంపాలి, విడిగా పంపితే ఒకరికి 30,000, ఇంకొకరికి 20,000, ఒకే లారీలో కలిపి పంపితే మొత్తం 36,000. ఎవరెంత ఇవ్వాలి? హాల్లో దాదాపు అందరూ మూడుకి రెండు చొప్పున పంచాలన్నారు. ఆయన అడిగింది ఏంటంటే, కలవడం వల్ల మిగిలింది ఎంత అని. 14,000. ఆ 14,000 మిగలాలంటే ఇద్దరూ కావాలి, ఏ ఒక్కరు తప్పుకున్నా సున్నా, కాబట్టి ఆ మిగులుని సమానంగా పంచుకోవాలి, చెరో 7,000. అప్పుడు మొదటివాళ్ళు 23,000, రెండోవాళ్ళు 13,000 ఇస్తారు. చిన్న కంపెనీ పెద్ద కంపెనీతో కూర్చున్నప్పుడు ఈ లెక్క చేతిలో ఉంటే మాట నిలబడుతుంది. వెండర్లతో రోజూ మాట్లాడే స్టోర్స్ వాళ్ళు దీన్ని వెంటనే రాసుకున్నారు.

పాత ఇండస్ట్రియల్ డిస్ప్యూట్స్ చట్టం రోజుల్లో కన్సిలియేషన్ ఆఫీసర్ (ప్రభుత్వం తరఫున రాజీ కుదిర్చే అధికారి) ముందు కుదిరే 12(3) సెటిల్‌మెంట్‌కీ, కంపెనీ యూనియన్ నేరుగా చేసుకునే 18(1)కీ తేడా కూడా చెప్పారు. మొదటిది సంతకం పెట్టని కార్మికులకి కూడా వర్తించేది, రెండోది సంతకం పెట్టినవాళ్ళకే. ఎవరితో కూర్చుంటున్నాం, ఆ కూర్చున్నవాళ్ళు ఎవరి తరఫున మాట్లాడగలరు అన్నది ముందే చూసుకోవాలని దీంతో బాగా అర్థమైంది. ఈ అనుభవాలు ఆయన ఇంకా చెప్తే ఇంకో గంట వినేవాళ్ళం.

పార్టిసిపెంట్లు తెచ్చిన సొంత కేసుల్లో సంక్రాంతి సెలవుల కేసు అన్నిటికన్నా బాగా నడిచింది. ఒక యూనిట్‌లో శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆపరేటర్లు ఎక్కువ, భోగి నుంచి కనుమ దాకా మూడు రోజులూ అందరికీ ఊరెళ్ళాలి, ప్లాంట్ ఆపలేరు, ప్రతి జనవరికీ అదే గొడవ. సార్ చెప్పిందల్లా ఒకటే, జనవరి ఒక్కటే బల్ల మీద పెట్టకండి, ఏడాది మొత్తం పెట్టండి అని. ప్రతి మనిషినీ నాకు ఈ సెలవు ఎట్టి పరిస్థితిలో కావాలి, ఈ సెలవు వదులుకోగలను అని కాగితం మీద రాయమనండి అన్నారు. అక్కడే రాయించి చూస్తే మెదక్ వైపు వాళ్ళకి దసరా, బతుకమ్మ ముఖ్యం, ఇంకొకరికి క్రిస్మస్, ఇంకొకరికి రంజాన్, ములుగు వైపు మనిషికి రెండేళ్ళకోసారి వచ్చే మేడారం జాతర. ఒకరు ప్రాణంగా అడిగేది ఇంకొకరు సులువుగా వదిలేస్తున్నారు, కానీ ఇన్నేళ్ళూ ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఆ కేసు తెచ్చినతను చార్ట్ అంతా ఫోటో తీసుకుని వెళ్ళాడు.

ఇక నిర్ణయాల సెషన్. మొదట అర్జెంట్, ముఖ్యం అని నాలుగు గళ్ళ స్లైడ్ చూపించారు, అది ఎక్కడైనా దొరుకుతుంది, దానికి అంత టైమ్ ఇవ్వక్కర్లేదు. తర్వాత ఛాలెంజర్ కేసు వచ్చింది. 1986 జనవరి 28న ఆ స్పేస్ షటిల్ లేచిన 73 సెకన్లకి ముక్కలైపోయింది, ఏడుగురు చనిపోయారు. ముందురోజు రాత్రి దాని బూస్టర్ రాకెట్లు తయారుచేసిన మోర్టన్ థయోకాల్ కంపెనీ ఇంజినీర్లు ఇంత చలిలో ఓ-రింగులు (బూస్టర్ అతుకుల్లో ఉండే రబ్బరు రింగులు) సరిగ్గా సీల్ అవ్వవు, ప్రయోగం వద్దు అని చెప్పారు, నాసా వైపు నుంచి ప్రశ్నలు గట్టిగా వచ్చాక కంపెనీ పెద్దలు విడిగా మాట్లాడుకున్నారు, ఇంజినీరింగ్ చూసే వైస్ ప్రెసిడెంట్‌ని ఇంజినీర్ టోపీ తీసి మేనేజర్ టోపీ పెట్టుకోమన్నారు, కాసేపటికి ఓకే వెళ్ళిపోయింది. మామూలుగా అయితే ప్రయోగానికి ముందు అంతా సురక్షితమని నిరూపించాలి, ఆ రాత్రి మాత్రం ఇంజినీర్లు ప్రమాదమని నిరూపించాల్సి వచ్చింది, తప్పు నిర్ణయానికి అదే దారి. 2025 జూన్ 30 నాటి పాశమైలారం పేలుడు మా అందరికీ ఇంకా కళ్ళముందే ఉంది, ఈ సెషన్‌లో ఒక్కరు కూడా ఫోన్ ముట్టుకోలేదు. ఇలాంటి కేసుకి సగం రోజు ఇవ్వాలి. కానీ అప్పటికే సాయంత్రం అయిపోతోంది, దూరం నుంచి వచ్చినవాళ్ళు బస్సులూ రైళ్ళూ చూసుకుంటున్నారు, మీ ప్లాంట్‌లో వద్దు అని చెప్పగలిగే మనిషి ఎవరు అన్న ప్రశ్న వేసి దాని మీద చర్చ లేకుండానే ముందుకెళ్ళిపోయారు. నాకు చాలా బాధనిపించింది, ఆ ప్రశ్న కోసమే అందరూ అక్కడికి రావాలి.

ప్రీమార్టెమ్ ఒక్కటి మాత్రం హడావుడిలో కూడా పనికొచ్చింది. గ్యారీ క్లైన్ అనే సైకాలజిస్ట్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి, పని మొదలుపెట్టకముందే అది ఫెయిలైపోయింది అనుకుని, ఎందుకు ఫెయిలైందో అందరూ విడివిడిగా రాయాలి. కొత్త డ్రయ్యర్ పెట్టడం మీద చేయించారు. సీనియర్లు స్టీమ్ చాలదు, స్పేర్లు రావు అని రాస్తే, గ్రూప్‌లో అందరికన్నా చిన్న అమ్మాయి ట్రైనింగ్ జనరల్ షిఫ్ట్‌లోనే ఇచ్చారు, నైట్ షిఫ్ట్ వాళ్ళకి ఎవరూ నేర్పలేదు అని రాసింది. మీటింగ్‌లో అడిగి ఉంటే ఆ అమ్మాయి నోరు తెరిచేది కాదు.

మిగతావి త్వరగా చెప్తా. హాలు బాగుంది, భోజనం బాగుంది. బ్యాచ్ పెద్దదైపోయి అందరికీ రోల్‌ప్లే ఛాన్స్ రాలేదు, కూర్చుని చూసినవాళ్ళకీ లేచి చేసినవాళ్ళకీ చాలా తేడా ఉంటుంది, కాబట్టి బుక్ చేసేముందు బ్యాచ్‌లో ఎంతమంది అని తప్పకుండా అడగండి. కేసులన్నీ మగ మేనేజర్ల చుట్టూనే రాసి ఉన్నాయి, ల్యాబుల్లో, క్యూఏలో ఇంతమంది ఆడవాళ్ళు పనిచేస్తున్న రోజుల్లో అది మార్చుకోవాలి. నెల తర్వాత ఫాలో అప్ కాల్ ఉంటుందన్నారు, వాట్సాప్ గ్రూప్ పెట్టారు తప్ప కాల్ జరగలేదు, దాని డబ్బులు కూడా ఫీజులోనే ఉన్నాయి కాబట్టి గట్టిగా అడగాలి, నేను అడుగుతున్నా.

కొత్తగా మేనేజర్ అయినవాళ్ళు, షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ నుంచి పైకి వచ్చినవాళ్ళు కంపెనీ డబ్బు కడితే వెంటనే వెళ్ళండి. సొంత డబ్బు అయితే చిన్న బ్యాచ్ దొరికే దాకా ఆగండి. వీలైతే ప్రొడక్షన్ నుంచి ఒకరు, క్యూఏ నుంచి ఒకరు కలిసి వెళ్ళండి, ఒక్కరే వెళ్ళొస్తే అవతలి డిపార్ట్‌మెంట్‌కి ఈ పద్ధతి తెలీక పాత గొడవే మళ్ళీ మొదలవుతుంది. మీ ప్లాంట్ కేసు ఒకటి ఒక పేజీలో రాసి వారం ముందే వాళ్ళకి పంపండి, ముందుగా పంపినవాళ్ళ కేసులే తీసుకున్నారు.