పుల్లీ పోయి బావి గిరక వచ్చింది: ఏడాదిన్నర వాడాక

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో నాకు ఎడమ రొమ్ముతో పాటు చంకలోని లింఫ్ గ్రంథులు కూడా తీసేశారు. డ్రెయిన్ పైపు తీశాక చూస్తే చెయ్యి భుజం ఎత్తుకు కూడా లేవలేదు. చంక నుంచి మోచేతి దాకా చర్మం కింద తీగ బిగించినట్టుండేది. జడ వేసుకోవాలన్నా మా అమ్మాయిని పిలవాల్సిందే. ఫిజియోథెరపీ మేడమ్ తలుపుకు తగిలించే పుల్లీ కొనమన్నారు.

దాంట్లో నాకు ప్రాణం లేచివచ్చిన సంగతి ఒక్కటే: లాగేది నా చెయ్యే. ఇంకొకరు పట్టుకుని లేపుతుంటే ఎక్కడ గట్టిగా గుంజుతారోనని టెన్షన్. ఇక్కడ కుడిచేత్తో తాడు కిందికి లాగితే ఎడమచెయ్యి పైకి పోతుంది. పట్టేసిన చోట ఆపి, ఐదు లెక్కపెట్టి, మెల్లగా దించుతాను. పొద్దున పది, సాయంత్రం పది.

నాలుగో నెలలో ప్లాస్టిక్ చక్రం పగిలింది. చెయ్యి పైనుండగానే తాడు జారి, ఒక్కసారిగా కింద పడింది. చంకలో చురుక్కుమంది. లోపల ఏం తెగిందోనని ఆ రాత్రంతా నిద్ర లేదు. మర్నాడు మేడమ్ చూసి బెణికిందంతే అన్నారు, వారం ఆపించారు. అమ్మినాయన గ్యారంటీ లేదని ఫోన్ పెట్టేశాడు.

మా అత్తమ్మ ఊరికి పోయి, ఎండిపోయిన చేదబావి మీది ఇనుప గిరక పట్టుకొచ్చింది. "ఇన్నేండ్లు నిండు బొక్కెన మోసింది, నీ చెయ్యి మొయ్యదా బిడ్డా" అంది. మా ఆయన నూనె వేసి, దూలానికి కట్టి, ముందు తనే వేలాడి చూశాడు. ఇప్పటికీ అదే.

రేడియేషన్‌కు వెళ్లిన రోజుల్లో పక్కన కూర్చున్నవాళ్లందరికీ పుల్లీ వల్లే నా చెయ్యి లేచిందని చెప్పాను. పూర్తిగా నిజం కాదు. చెయ్యి పైకి పోయింది గానీ బలం రాలేదు, లాగేది కుడిచెయ్యి కదా. ఆ ఏడు సద్దుల బతుకమ్మకు తాంబాళం ఎత్తలేకపోయాను. గోడ మీద వేళ్లు పాకించడం, అర లీటరు నీళ్ల సీసా ఎత్తడం, ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో నడక, ఇవన్నీ కలిశాకే సత్తువ వచ్చింది. ఆత్రంతో రోజుకు నలభై సార్లు లాగిన వారం చెయ్యి వాచి గాజులు బిగిశాయి. అప్పటి నుంచి కంప్రెషన్ స్లీవ్, అంటే వాపు రాకుండా చేతిని బిగుతుగా పట్టి ఉంచే తొడుగు, వేసుకునే చేస్తున్నాను.

నేను డాక్టర్ సరేనన్నాకే మొదలుపెట్టాను. ఇంట్లో దూలముంది, కట్టే మనిషి ఉన్నాడు. గాయం మానని వాళ్లకు, రొమ్ము రీకన్‌స్ట్రక్షన్ (రొమ్మును మళ్లీ రూపొందించే ఆపరేషన్) చేయించుకున్న వాళ్లకు ఇది సరిపడుతుందని నేననను. ప్లాస్టిక్‌దే కొంటే వారానికోసారి చక్రం తిప్పి పగుళ్లు చూసుకోండి.

పోయిన దసరాకు చిన్న బతుకమ్మను నేనే ఎత్తుకుని చెరువు దాకా నడిచాను. పెద్దది మా అమ్మాయి ఎత్తుకుంది.