ఎండు మొక్కలకు హనుమకొండ, పచ్చి మొక్కలకు తాడ్వాయి

ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు గాంబుల్ 1915లో ప్రచురణ మొదలుపెట్టిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షసంపద గ్రంథంలో, అప్పట్లో నిజాం ఏలుబడిలో ఉన్న మన ప్రాంతానికి చోటు లేదు. అందువల్ల ఉత్తర తెలంగాణలో ఒక మొక్క ఎప్పుడు, ఎక్కడ కనిపించిందో తెలుసుకోవాలంటే ఆ తరువాతి వారు సేకరించి భద్రపరచిన ఎండు నమూనాలనే వెతకాలి. ఆ పనిమీదనే, బతుకమ్మ పండుగకు ముందు వారం, మా డిగ్రీ కళాశాల విద్యార్థులిద్దరిని వెంటబెట్టుకొని మూడు రోజులు హనుమకొండ, ములుగు వైపు వెళ్లివచ్చాను.

కాజీపేటలో రైలు దిగి హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక లాడ్జిలో దిగాము. గది చిన్నదే గాని ఫ్యాను బాగా తిరిగింది. రోడ్డు పక్కన కోసుకున్న తంగేడు, గునుగు కొమ్మలను పాత పేపర్ల మధ్య పెట్టి రోజూ పేపర్లు మార్చేవారికి ఫ్యాను కన్నా ముఖ్యమైన సౌకర్యం మరొకటి ఉండదు. ములుగు దాటాక రెండో రాత్రి గడిపిన కాటేజీ చూడ ముచ్చటగా ఉన్నా, కరెంటు పోయి, గదిలో చెమ్మ చేరి, తెల్లారేసరికి సగం నమూనాలకు బూజు పట్టింది. మొక్కలు వెంట ఉన్నవారు హనుమకొండలోనే బస చేసి, ఉదయం అడవికి పోయి సాయంత్రానికి తిరిగి రావడం మేలని నా అభిప్రాయం.

ఎండు మొక్కల నమూనాలను భద్రపరిచే హెర్బేరియం చూడడానికి నెల ముందే రెండు చోట్లకు ఉత్తరాలు రాశాను. ఒక సంస్థ నుండి ఈ రోజు వరకు జవాబు లేదు. రెండో చోట మాత్రం, ఏ కుటుంబాలు, ఏ ప్రజాతులు చూడాలో ముందే జాబితా పంపినందువల్ల మేము చేరేసరికి బీరువాల తాళాలు తీసి ఉన్నాయి. మన దేశపు హెర్బేరియాల్లో చాలావరకు బెంథామ్, హుకర్ అనే వృక్షశాస్త్రజ్ఞులు మొక్కల కుటుంబాలకు ఏర్పరచిన వరుసలోనే షీట్లు, అంటే నమూనాలు అతికించిన అట్టలు, అమర్చుతారు కాబట్టి, ఆ వరుస తెలియకుండా వెళితే గూడు వెతకడానికే పూట గడిచిపోతుంది. పాత పేర్లు కూడా రాసిపెట్టుకోవాలి. ఇప్పుడు సెన్నా అంటున్న తంగేడు పాత షీట్ల మీద క్యాసియాగానే ఉంటుంది. పురుగు పట్టకుండా పాత నమూనాలకు మెర్క్యురిక్ క్లోరైడ్ పూసేవారు. అది విషం కనుక చేతి తొడుగులు లేకుండా వాటిని ముట్టుకోరాదు. మా పిల్లల్లో ఒకరు షీటు పట్టుకున్న చేత్తోనే బిస్కెట్టు తీయబోతే అక్కడి సహాయకుడు గట్టిగానే మందలించాడు, మంచి పని చేశాడు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది లేబుళ్లు చదవడానికే. ‘వరంగల్ జిల్లా, ములుగు తాలూకా’ అని ఉన్న ఒక ఏగిస చెట్టు షీటును తీసుకోండి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2016లో జిల్లా ముక్కలైంది, 2019లో ములుగు విడి జిల్లా అయింది, 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండగా, రూరల్ వరంగల్‌గా పేర్లు మార్చుకున్నాయి. పాత లేబులులోని జిల్లా పేరును నేటి పటంలో అలాగే పెట్టేస్తే మొక్క అరవై డెబ్బై కిలోమీటర్లు జరిగిపోతుంది. అందుకే ఊరి పేరు, దారి, వాగు పేరు ఉన్నవాటినే మా పట్టికలోకి తీసుకున్నాము.

ఆ ఏగిస షీటు మీద తాడ్వాయి దారి అని ఉండడంతో మరునాడు అటే వెళ్లాము. అది ఏటూరునాగారం అభయారణ్యంలోని అడవి. అభయారణ్యంలో పరిశోధనకు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ముందస్తు అనుమతి తప్పనిసరి. మా అనుమతి చూడడానికి, ఫొటోలు తీయడానికే గనుక లోపల ఆకు కూడా తెంపలేదు. 2024 ఆగస్టు 31 నాటి పెనుగాలికి ఈ అడవిలో వేల చెట్లు కూలిపోయాయి. ఆ చోట నడుస్తున్నప్పుడు, కూలినవాటిలో ఏయే జాతులుండేవో చెప్పగలిగేది బీరువాలోని షీట్లూ, ఇక్కడి మనుషులూ మాత్రమేనని మా విద్యార్థిని అన్నది.

ఆ మనుషుల్లో ఒకరు మాకు దారి చూపిన కోయ పెద్దాయన. ఇప్ప, తునికి, నల్లమద్ది సరే, మేము పుస్తకం తిరగేసినా పోల్చుకోలేని రెండు తీగలకు ఆయన నిలబడ్డచోటే పేర్లు చెప్పాడు. రాసుకుంటుంటే, "రాస్కపోయినోళ్లు మల్ల రారు సార్" అన్నాడు, కోపం లేకుండానే. వాడుకపేరు చెప్పినవారి పేరును, వారి ఇష్టంతో, మా పట్టికలో చేర్చాలని, అచ్చు ప్రతిని గ్రామ జీవవైవిధ్య కమిటీకి ఇవ్వాలని అక్కడే అనుకున్నాము. దారి ఖర్చుగా ఇవ్వబోయిన డబ్బు ఆయన లెక్కపెట్టి, రోజు కూలికి సరిపడా ఉంచుకొని, మిగతాది తిరిగిచ్చాడు.

ఏగిస చెట్టు దొరికింది, షీటులో చెప్పిన దారికి కొంత ఎగువన, కాయలతో. ఫొటో, స్థల వివరాలు హెర్బేరియానికి పంపాము. వారు ఆ పాత షీటు పక్కన కొత్త చీటీ ఒకటి అతికించి, దాని ఫొటో మాకు తిరిగి పంపారు.