పైథాన్ సొంతంగా నేర్చుకోవచ్చా? మిల్లు లెక్కలకు కొన్నేళ్లు వాడాక నా మాట

నేర్చుకోవచ్చు. పైథాన్ అంటే కంప్యూటర్‌కు పని చెప్పే ఒక ప్రోగ్రామింగ్ భాష. కోచింగ్ లేకపోయినా, కంప్యూటర్ డిగ్రీ లేకపోయినా వస్తుంది. షరతు ఒక్కటే: వచ్చిన జవాబు సరైందో కాదో మీరు చేత్తో లెక్కేసి చెప్పగలిగే పనితో మొదలుపెట్టాలి.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో లెక్కలు చూస్తాను. వానాకాలం, యాసంగి కోతలప్పుడు వడ్ల బండ్లు రోడ్డు మీద బారులు తీరతాయి. ప్రతి బండికీ కాటా చిట్టీ ఉంటుంది. నిండు బండి బరువు, ఖాళీ బండి బరువు, తేమ శాతం అన్నీ ఎక్సెల్‌లో ఎక్కించి, తరుగు తీసి, రైతువారీగా మొత్తం కట్టాలి. సీజన్‌లో ఈ పనికే అర్ధరాత్రి అయ్యేది. ఇప్పుడు చిట్టీలు ఎక్కించడం వరకే మనిషి పని, మిగతాది పేజీన్నర పైథాన్ కోడ్ చూసుకుంటుంది.

కొత్తలో భయపెట్టేవి ఎర్రర్లు. నిజానికి అవి మేలు చేసేవే. 24,560 అని కామాతో ఉన్న బరువును అంకెగా మార్చమంటే పైథాన్ వాల్యూ ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. కామా తీసేస్తే సరిపోతుంది. స్క్రీన్ నిండా ఏదేదో వచ్చిందని టెన్షన్ పడకుండా కింది నుంచి పైకి చదవండి. చివరి లైన్‌లో కారణం ఉంటుంది, దాని పైన ఎక్కడ ఆగిందో ఉంటుంది. పక్కన చెప్పేవాళ్లు లేనివాళ్లకు ఈ అలవాటే గురువు.

అసలు జాగ్రత్త పడాల్సింది నోరు మెదపని తప్పుల దగ్గర. ఒకే లారీ నంబరు ఒక చిట్టీలో టీఎస్05 అని కలిపి, ఇంకోదాంట్లో మధ్యలో గీత పెట్టి రాస్తే పైథాన్ లెక్కలో అవి రెండు లారీలు. ఎర్రర్ రాదు, మొత్తాలు మాత్రం విడిపోతాయి. అందుకే ముందు ఖాళీలు, గీతలు తీసేయించాలి.

ఇంకా పెద్దది రౌండ్ సంగతి. 2.5ను రౌండ్ చేస్తే 3 అనుకుంటాం. పైథాన్ 3లో 2 వస్తుంది. 3.5 అయితే 4. సరిగ్గా సగం దగ్గర అది సరిసంఖ్య వైపు వెళ్తుంది. ఎప్పుడూ పైకే తీసుకుంటే మొత్తాలు పెరుగుతూ పోతాయని అలా పెట్టారు. మా మిల్లులో మాత్రం అర కిలో వస్తే రైతు పక్షాన పైకి తీసుకోవడమే రివాజు. గుమాస్తా రాసిన చిట్టా పక్కన పెట్టి చూస్తేనే ఈ తేడా కనపడుతుంది. పైథాన్‌తో పాటే వచ్చే డెసిమల్ (decimal) అనే మాడ్యూల్‌లో, అంటే రెడీమేడ్ కోడ్‌లో, సగాన్ని పైకి తీసుకోమని విడిగా చెప్పే వీలుంది. ఆరుగాలం కష్టపడ్డ మనిషి బరువులో అర కిలో కూడా పోకూడదు కాబట్టి, కొత్త కోడ్ రాసిన ప్రతిసారీ కొన్ని చిట్టీలు కాలిక్యులేటర్ మీద కట్టి చూస్తాను.

ఏఐని అడిగితే కోడ్ క్షణాల్లో వస్తుంది. వాడుకోండి, నేనూ వాడతాను. కానీ మన దగ్గర రివాజేమిటో మనం చెప్పకపోతే దానికి తెలియదు. లైను లైనూ చదివి అర్థం చేసుకునేంత పైథాన్ మనకు రావాలి.

రైతుల పేర్లు తెలుగులోనే ఉంచుకోవచ్చు. సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసి రాసే పట్టిక) ఎక్సెల్‌లో తెరిస్తే పిచ్చి అక్షరాలు కనపడుతున్నాయా? ఫైలు రాసేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైల్లో దాచే పద్ధతి) దగ్గర యూటీఎఫ్-8-సిగ్ (utf-8-sig) అని పెట్టండి. యూట్యూబ్‌లో పాత పాఠాలతో జాగ్రత్త. ప్రింట్ తర్వాత బ్రాకెట్లు లేకుండా రాస్తుంటే అది పైథాన్ 2, దానికి 2020 జనవరి 1తోనే కాలం చెల్లింది.

అమీర్‌పేట వెళ్లి ఫీజు కట్టాలా అని మా పక్క డిగ్రీ పిల్లలు అడుగుతుంటారు. ఊళ్లో ఉండే మొదలుపెట్టండమ్మా అంటాను. ఇంట్లో ఎరువుల షాపో, పాల కేంద్రమో, చీటీపాటల లెక్కో ఉంటే అదే మీ పాఠం. కొంతకాలం చేశాక ఇంకా ఆసక్తి ఉంటే అప్పుడు ఫీజు కట్టినా డబ్బు వృథా కాదు. మూడు నెలల్లో ఉద్యోగం కోసమే అయితే మాత్రం పైథాన్ ఒక్కటే సరిపోతుందని నేను చెప్పను. డేటాబేస్, ఇంగ్లిష్‌లో మాట్లాడటం, చేసి చూపించే ప్రాజెక్టు కూడా అడుగుతారు.

వెబ్‌సైట్లు చేయాలనుకునేవాళ్లు నేరుగా జావాస్క్రిప్ట్‌కే వెళ్లండి. రోజుకు పది వరుసలు దాటని లెక్క అయితే పైథాన్ అక్కర్లేదు, ఎక్సెల్ ఫార్ములాలు, పివట్ టేబుల్ చాలు.