నల్లగొండ కోర్టు దగ్గరి జిరాక్స్ షాపు: నాలుగు స్టార్లు

ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ కేసుల్లో ప్రాసిక్యూషన్ తరఫున వాదించడం నా పని. జిల్లా కోర్టు దగ్గర, టీ కొట్టు పక్క సందులో ఉన్న ఈ షాపుకే నా కాగితాలన్నీ పోతాయి. రెండు మెషీన్లు, ఒక కంప్యూటర్, నడిపే అన్న ఒక్కడే. బోర్డు మీద అక్షరాలు సగం రాలిపోయాయి కాబట్టి పేరు రాయడం లేదు.

ముందు చెప్పాల్సింది అతని నోటి గురించి. పొద్దున ముద్దాయి తరఫు వకీలు బెయిల్ పిటిషన్ ప్రింట్ తీసుకుంటాడు, మధ్యాహ్నం దానికి జవాబుగా వేసే కౌంటర్ నేను తీసుకుంటాను. ఒకరి కాగితం ఇంకొకరి కంట పడదు. షాపులో నిలబడ్డవాళ్లలో ఎవరు ఏ ఊరివాళ్లో, ఎవరి మనుషులో చెప్పలేం. అందుకే నా ఫైల్ తెరిచేముందు స్క్రీన్ గోడవైపు తిప్పుతాడు. చెడిపోయిన షీట్లు కూడా మన చేతికే ఇస్తాడు, మిర్చి బజ్జీల పొట్లాలకు పోవు. అయినా లైంగిక దాడి కేసుల కాగితాలు మాత్రం అక్కడికి తీసుకెళ్లను. బాధితురాలి పేరు బయటికి రాకూడదు కాబట్టి అవి ఇంట్లో నేనే టైప్ చేసుకుంటా.

టైపింగ్ బాగుంది. బెయిల్ పిటిషన్ వస్తే అట్రాసిటీ చట్టం సెక్షన్ 15ఎ ప్రకారం బాధితులకు తెలియజేయాలి, వాళ్ల మాట వినాలి. దేవరకొండ వైపు నుంచి ఒక పెద్దావిడ అలా అభ్యంతరం రాయించుకోవడానికి వచ్చింది. వేరే షాపులో "కులం పేరుతో దూషించినారు" అని ఒక్క లైన్‌లో తేల్చేశారు. ఈ అన్న మాత్రం "ఏమన్నరో అదే చెప్పమ్మా. యాడ అన్నరు? పక్కన ఎవరున్నరు?" అని అడిగి మరీ కొట్టాడు. అవమానం నలుగురి ఎదుట జరిగిందని చూపించకపోతే అదే చట్టంలోని 3(1)(ఆర్), అంటే నలుగురిలో అవమానించిన నేరం, నిలవదు. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లు లేనప్పుడు అన్న మాట దీని కిందికి రాదని 2020లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బోరింగ్ దగ్గర అన్నారా, ఇంట్లో అన్నారా అన్నది అంత ముఖ్యం.

సాక్షులకు దారి ఖర్చులు, కూలీ తగ్గకుండా రోజు ఖర్చులు ఇవ్వాలని ఆ చట్టం నిబంధనల్లో రూల్ 11 ఉంది. ఆ క్లెయిమ్ ఫారాలు ఇతని దగ్గర ఉంటాయి. ఆడవాళ్లు ఆర్టీసీ జీరో టికెట్ తెచ్చి "దీనికేం వస్తది మేడం" అని నవ్వుతారు. బస్సు డబ్బులు లేకపోయినా రోజు కూలీ వస్తుందని చెప్పి రాయించాలి. ఇద్దరి కులధ్రువీకరణ పత్రాలూ, అంటే బాధితులదీ ముద్దాయిదీ, వేర్వేరు సెట్లుగా పిన్ను కొట్టి ఇస్తాడు. అడగక్కర్లేదు.

ఒక స్టార్ ఎందుకు తీసేశానంటే, కలర్ ప్రింట్ దండగ. కమిలిన గాయం ఫొటో ఇస్తే మసిబొగ్గులా వస్తుంది, కోర్టులో చూపించలేం. టైపింగ్ అంతా యూనికోడ్ కాని అను ఫాంట్‌లోనే, నా ల్యాప్‌టాప్‌లో తెరిస్తే పిచ్చి గీతలు. పీడీఎఫ్ చేయించుకోవాల్సిందే. ఫోన్ వీడియో సాక్ష్యానికి ఇప్పటికీ పాత సాక్ష్య చట్టం 65బి సర్టిఫికెట్ నమూనానే తీసి ఇస్తాడు. 2024 జూలై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 వచ్చింది, ఆ సర్టిఫికెట్‌లో రెండు భాగాలున్నాయి, ఫైల్ మారలేదని చూపే హాష్ వాల్యూ రాయాలి. చెప్పి చెప్పి విసుగొచ్చి నమూనా నేనే పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాను.

2025 మార్చిలో మిర్యాలగూడ పరువు హత్య కేసు తీర్పు రోజు ఇక్కడంతా పోలీసులు, కెమెరాలు. ఆ రోజు కూడా పేజీకి రెండు రూపాయలే తీసుకున్నాడు. సోమవారం మాత్రం పదిన్నరలోపు వెళ్లండి, తర్వాత లైన్ రోడ్డు దాకా ఉంటుంది.