శాన్ ఆంటోనియోలో అమ్మ, పెకాన్ పలుకులు, ఓ హోటల్ బిల్లు

ముందే చెప్పేస్తున్నా, టెక్సస్‌లోని ఈ శాన్ ఆంటోనియో మీద నాకు ఏ కోపమూ లేదు. ఊరు బంగారం. కోపమంతా రివర్ వాక్‌ని, అంటే ఊరి మధ్య నది వెంట ఉన్న నడక దారిని, ఆనుకుని ఉన్న ఒక హోటల్ మీద. పేరు రాయను గానీ, ‘హెరిటేజ్ ప్యాకేజీ’ అన్న మాట ఏ హోటల్ సైట్‌లో కనబడినా ఆ పేజీ మూసేయండి.

సెప్టెంబర్ 15 నుంచి అక్టోబర్ 15 దాకా ఇక్కడ అమెరికాలో హిస్పానిక్ హెరిటేజ్ నెల, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల సంతతి వాళ్ళ సంస్కృతిని తలుచుకునే నెల. నెల మధ్యలో మొదలవడమేంటని మా ఆయన ప్రతి ఏడాదీ అడుగుతాడు, నేను ప్రతి ఏడాదీ చెబుతాను: 1821లో గ్వాటెమాలా, హోండురస్ లాంటి ఐదు దేశాలు స్వాతంత్ర్యం ప్రకటించుకున్న రోజు సెప్టెంబర్ 15, ఆ మర్నాడు మెక్సికో వాళ్ళ పండగ. 1968లో వారం రోజుల సంబరంగా పెట్టి, 1988లో నెల చేశారు. మా వాడు నాలుగో తరగతి. టెక్సస్‌లో నాలుగో తరగతి అంటే రాష్ట్ర చరిత్ర చదివే ఏడాది. ఈ నెల ప్రాజెక్ట్ కోసం టీచరిచ్చిన పేర్ల జాబితాలోంచి ఎమ్మా టెనాయుకా అనే కార్మిక నాయకురాలిని ఎంచుకున్నాడు. ఎందుకురా అంటే, “ఎమ్మా, ఇంగ్లిష్‌లో నాలుగే అక్షరాలు, పోస్టర్ మీద రాయడం ఈజీ” అన్నాడు. ఆవిడది శాన్ ఆంటోనియోనే. అమ్మ పలాస నుంచి వచ్చి రెండు నెలలైంది, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ గోడలు తప్ప ఏమీ చూడలేదు. అందరం కలిసి శుక్రవారం బయల్దేరాం. డ్రైవ్ గురించి చెప్పడానికేం లేదు, ఐదు గంటలన్నర, ఆస్టిన్ దగ్గర మామూలుగానే నరకం.

ఇక హోటల్. రాత్రికి 189 డాలర్ల గది, ప్యాకేజీతో 224. ఆ అదనపు 35 డాలర్లకి స్థానిక సంస్కృతిని చూపిస్తామని రాశారు. చూపించింది ఏమిటయ్యా అంటే, మంచం మీద ఒక కాగితం సోంబ్రెరో టోపీ, చేతికి పట్టేంత చిప్స్ పొట్లం, రెండు మార్గరీటా కూపన్లు. మా ఇంట్లో తాగేవాళ్ళు ఎవరూ లేరు. కూపన్లకి బదులు నిమ్మరసం ఇమ్మంటే కౌంటర్ దగ్గర అబ్బాయి కుదరదన్నాడు. రెండు మంచాల గది అడిగితే ఒకే మంచం గది ఇచ్చారు, మడత మంచానికి మళ్ళీ డబ్బులన్నారు. చివరికి మా ఆయనా మావాడూ దుప్పటి పరుచుకుని నేల మీద పడుకున్నారు. అమ్మకి ఇదంతా అర్థం కాకపోయినా అల్లుడు నేల మీద పడుకున్నాడన్నది మాత్రం బాగా అర్థమైంది, రాత్రంతా నిద్రపోలేదు.

ఆదివారం పొద్దున బిల్లు. రోజుకి 29.95 చొప్పున ‘డెస్టినేషన్ ఫీజు’. దేనికంటే వైఫై, జిమ్, రెండు నీళ్ళ సీసాలు. కారు వాళ్ళే పార్క్ చేయాలి, రోజుకి 49. పన్నులతో కలిపి 700 దాటింది. మా ఆయన మామూలుగా గొడవలకి దిగే మనిషి కాడు, కానీ నేల మీద పడుకున్న నడుము మాట్లాడింది. ఇరవై నిమిషాలు వాదించి ఒక రోజు ఫీజు, అంటే 29.95, వెనక్కి రాబట్టాడు. ఆ రోజంతా ఆయన ముఖంలో వరల్డ్ కప్ గెలిచిన కళ. మీరు వెళ్తే ఊరి బయట, కారు ఉచితంగా పెట్టుకోనిచ్చే మామూలు మోటెల్‌లో దిగండి. పొద్దున్నే ఇరవై నిమిషాలు డ్రైవ్ చేస్తే పోయేదేం లేదు.

శనివారం పొద్దున ఆలమో అనే పాత కోట. లోపల చర్చి చూడ్డానికి టికెట్ లేదు, కానీ టైమ్ ముందే బుక్ చేసుకోవాలి. మగవాళ్ళు టోపీ తియ్యాలన్నారు, ఫొటోలు తియ్యొద్దన్నారు. అమ్మ అలవాటుగా చెప్పులు విడవబోతే వద్దని ఆపాం. 1836లో టెక్సస్ వాళ్ళు మెక్సికో మీద తిరగబడ్డప్పుడు మెక్సికో సైన్యం పదమూడు రోజులు ముట్టడించడం, కోటలో పోరాడినవాళ్ళు దాదాపు అందరూ చనిపోవడం ఇక్కడ అందరికీ తెలిసిన కథే. నాకు తెలియనిది గ్రెగోరియో ఎస్పార్సా సంగతి. ఈ ఊరి మెక్సికన్ సంతతి మనిషి, గోడ లోపల టెక్సస్ పక్షాన పోరాడి చనిపోయాడు. ఆయన సోదరుడు ఫ్రాన్సిస్కో గోడ బయట, మెక్సికో పక్షం. మిగతా శవాలని కాల్చేస్తుంటే, గ్రెగోరియోని పాతిపెట్టుకుంటానని అనుమతి తెచ్చుకున్నది ఆ సోదరుడే. సినిమాల్లో కనబడేదంతా తెల్ల హీరోలు కదా, ఈ అన్నదమ్ములెందుకు కనబడరో. అమ్మ మాత్రం ఒక్కటే అడిగింది, “మరి వాళ్ళమ్మ ఎటైపు ఉందట?” నా దగ్గర జవాబు లేదు.

శనివారం అమ్మ నీచు ముట్టదు. ఇక్కడ మన శాకాహారులకి ఒక హెచ్చరిక: మెక్సికన్ హోటళ్ళలో బీన్స్ కదా అని ధీమాగా తినేయకండి, చాలాచోట్ల పంది కొవ్వుతో వేయిస్తారు. ఎర్రన్నం కూడా తరచూ కోడి రసంలోనే ఉడుకుతుంది. ‘సిన్ మాంతేకా, సిన్ కాల్దో దె పోయో’, అంటే పంది కొవ్వూ కోడి రసమూ లేకుండా, అని అడగండి. ఊరికి పడమటి వైపున్న ఒక చిన్న టాకెరియాలో, అంటే టాకోలు అమ్మే కొట్లో, అలాగే అడిగాను. కౌంటర్ దగ్గరున్న పెద్దావిడ నన్నూ, నా వెనకున్న అమ్మ చీరనీ చూసి, బీన్స్ వద్దని చేత్తోనే చెప్పి, బంగాళదుంప, పచ్చిమిర్చి చీలికలు, నోపాలెస్ చేసిస్తానంది. నోపాలెస్ అంటే నాగజెముడు రేకులు, ముళ్ళు చెక్కేసి ముక్కలు కోసి వేయిస్తారు. అమ్మకి సంగతి చెప్పగానే, “ఇదేటే, నాగజెముడు కూడా తినేస్తారేటి? మన ఊళ్ళో కంచెలకేస్తారు!” అంది. తిన్నాక మాత్రం, “బెండకాయలాగ జిగురుగా ఉంది, బానే ఉంది” అని రెండోది అడిగింది.

అసలు విశేషం పచ్చడి. నల్లరాతి గిన్నె, మూడు పొట్టి కాళ్ళు, లోపల గరుకు. మోల్కహేతే అంటారు. కాల్చిన టమాటా, ఎండుమిర్చి, వెల్లుల్లి అందులోనే నూరి, గిన్నెతో సహా తెచ్చి బల్ల మీద పెట్టారు. అమ్మ వేలితో అంచు తడిమి, ఇది కల్వమే కదా అంది. టోర్టియా రొట్టె తుంచి నంజుకుని, కళ్ళు మూసుకుని నాలుకతో తీర్పు చెప్పింది: “రోటి పచ్చడే. చింతపండు మర్చిపోయారంతే.” మిరపకాయ, టమాటా రెండూ వీళ్ళ వైపు నుంచే పోర్చుగీసు ఓడల కాలంలో మన దాకా వచ్చాయమ్మా, సపోటా అనే పేరు కూడా వీళ్ళ పాత నవాట్ల్ భాషదే అని నేను చెబితే నమ్మలేదు. గుంటూరు మిరప పరాయిదైతే మరి గుంటూరోళ్ళదేది అంది. ఆఖరికి ఎర్రటి షర్బత్ ఒకటి వచ్చింది, ఆగ్వా దె హమైకా. ఒక గుటక తాగి, గోంగూర పులుపంది. ఈసారి అమ్మే గెలిచింది. అది మన ఎర్ర గోంగూర జాతి కాయల రేకులతోనే చేస్తారు. నలుగురికి టిప్‌తో కలిపి 46 డాలర్లు. హోటల్ వాడి కాగితం టోపీకీ చిప్స్ పొట్లానికీ ఇచ్చింది, రెండు రాత్రులకి 70.

సాయంత్రం మార్కెట్ స్క్వేర్. రంగు కాగితాల తోరణాలు, చెవులు దిమ్మెక్కే పాటలు, గాజు సామాను. బేరమాడితే తగ్గిస్తారు, సిగ్గుపడకండి. 1941 నుంచీ నడుస్తున్న మి తియెర్రాలో బల్ల దొరకాలంటే గంట పడుతుందన్నారు, బేకరీ కౌంటర్‌లో తీపి రొట్టెలు మాత్రం కొనుక్కుని బయట కూర్చున్నాం. ఇంకో కొట్లో పెకాన్ ప్రలీన్, ఒక్కోటి 3.50. పెకాన్ అంటే అక్రోటు లాంటి కాయ. పాలూ పంచదారా కాచి పెకాన్ పలుకులు కలిపిన అచ్చు అది. మావాడు దాన్ని నముల్తూనే ప్రాజెక్ట్ కాగితం తీసి అమ్మమ్మకి తెలుగులో చదివి వినిపించాడు, వాడి తెలుగు వాడిదే: “ఈ పెకాన్ షెల్ తీసేది అంతా మెక్సికన్ లేడీస్, అమ్మమ్మా. పౌండ్‌కి సిక్స్, సెవెన్ సెంట్స్. అది కూడా కట్ చేశారు. 1938లో 12,000 మంది స్ట్రైక్. లీడర్ ఎమ్మా. ట్వంటీ వన్ ఇయర్స్!”

అమ్మ నమలడం ఆపేసింది. పలాసలో మా వీధి వీధంతా జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళే. అమ్మ కూడా పెళ్ళికి ముందు మూడేళ్ళు కొట్టింది. జీడి అంటితే వేళ్ళు నల్లగా మాడి తోలూడిపోతుంది, ఆ చేతుల్తోనే అన్నం తినాలి.

“బద్దకో రేటు, ముక్కకో రేటు ఇచ్చేవారా?” అని అడిగింది.

వాడు కాగితం వెతికాడు. అవునట. విరగని బద్దలకి ఎక్కువ, ముక్కలకి తక్కువ.

“అక్కడా అంతే, ఇక్కడా అంతే” అంది అమ్మ. తర్వాతేమైందని వాడినే అడిగింది. నెల పైన సమ్మె చేశాక కూలి కొంత పెరిగింది, ఆ ఏడాదే ప్రభుత్వం కనీస వేతనం పెట్టేసరికి యజమానులు యంత్రాలు తెచ్చారు, వేలమందికి పని పోయింది. ఎమ్మాని ఊరు వదిలి పోయేదాకా తరిమారు. హోటల్ వాళ్ళు ఇచ్చిన రంగుల హెరిటేజ్ పుస్తకం మొత్తం తిప్పాను, ఆవిడ పేరు ఒక్కచోట కూడా లేదు. మార్గరీటా మాత్రం నాలుగు పేజీల్లో ఉంది.

ఆదివారం మిషన్లు, అంటే స్పెయిన్ పాదరీలు పెట్టిన పాత మత కేంద్రాలు. ఊరికి దక్షిణంగా నది వెంట నాలుగు, ఆలమోతో కలిపి ఐదు. 2015లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ప్రవేశం ఉచితం, పార్కింగ్ ఉచితం, రేంజర్లు మర్యాదస్తులు. హోటల్ తర్వాత స్వర్గంలా అనిపించింది. శాన్ హోసే మిషన్ పెద్దది, చుట్టూ గోడల్లోనే గదులు, కోవావిల్టెకన్ తెగల జనాన్ని ఆ గదుల్లో ఉంచి స్పెయిన్ పాదరీలు మతమూ పనీ నేర్పారు. చర్చి కట్టింది ఆ జనమే, అంటురోగాలతో పోయిందీ వాళ్ళే. ఇప్పటికీ అక్కడ ఆదివారం ప్రార్థన మరియాచీ బాకాలూ వయొలిన్లతో జరుగుతుంది. మేం గుమ్మం దగ్గర నిలబడి విన్నాం. భజన బాగుందంది అమ్మ.

సమయం ఒక్కచోటికే ఉందంటే మాత్రం నేనైతే ఎస్పాదా మిషన్ దగ్గరి ఆక్వడక్ట్‌కే పంపిస్తాను. 1740లలో కట్టిన రాతి తూము అది, కింద వాగు, పైన కాలువ. ఇంకా పారుతూనే ఉంది. అక్కడ మేం తప్ప ఇంకెవరూ లేరు. అమ్మ గట్టు మీద గొంతుక్కూర్చుని నీళ్ళలో చెయ్యి పెట్టింది. సివిల్ ఇంజనీర్ అయిన మా ఆయన హోటల్‌ని మర్చిపోయి దాని కమానుల్నే చూస్తూ ఉండిపోయాడు. ‘అసేకియా’ అనే ఆ కాలువ పేరు అరబ్బుల నుంచి స్పెయిన్‌కీ, అక్కడి నుంచి ఇక్కడికీ వచ్చిందట.

తిరుగు దారిలో రోడ్డు పక్క కొట్లో తొక్కతో ఉన్న పెకాన్లు రెండు పౌన్లు కొనమంది అమ్మ, 9 డాలర్లు. ఒలిచినవి పక్కనే ఉన్నాయంటే వినలేదు. దారిలో వేకో ఊరు దాటేదాకా వెనక సీట్లో రెండేసి కాయల్ని అరచేతుల మధ్య ఒకదానికొకటి నొక్కి పగలగొడుతూనే ఉంది. ఇల్లు చేరేసరికి కారంతా తొక్కలు, చీర కొంగులో పలుకులు. మావాడు లైటేసి ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. ఒక్క బద్ద కూడా విరగలేదు.